పెద్ద ఒంటికి పెద్ద కాపలా

ఒంగోలు గిత్త ఎంత తూగుతుందో ఎప్పుడైనా అడిగారర్రా? తిరునాళ్లలో బండలాగుడు పందెం చూస్తారు, ఈలలు వేస్తారు, గెలిచిన జత ఏ ఊరిదో కనుక్కుంటారు. ఈసారి తూకం కూడా అడగండి. బాగా మేపిన గిత్త ఐదారు వందల కిలోలుంటుంది. అదే కొట్టంలో, తవుడు బస్తాల సందుల్లో చిట్టెలుక ఒకటి తిరుగుతుంటుంది. దాని బరువు 20 గ్రాములు. అంటే ఒక్క గిత్త పాతిక వేల చిట్టెలుకల పెట్టు. ఆయుష్షు లెక్క చూసినా అంతే. పశువును సరిగ్గా సాకితే ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. ఎలుకకు రెండు మూడేళ్లు గడిస్తే గొప్ప.

ఇప్పుడు నేనడిగేదానికి తొందరపడకుండా జవాబు చెప్పండి. ఈ రెండింట్లో క్యాన్సర్ దేనికి ఎక్కువ రావాలి?

జవాబు చెప్పే ముందు క్యాన్సర్ అంటే ఏమిటో కాస్త తెలియాలి. అది బయటి నుంచి వచ్చి పడే పురుగు కాదు. మన ఒంట్లోని కణమే దారి తప్పి క్యాన్సర్ అవుతుంది. మనిషి ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. అవన్నీ పుట్టినప్పుడు వచ్చి చచ్చేదాకా ఉండేవి కావు. రోజుకు దాదాపు 33 వేల కోట్ల పాత కణాలు పోయి, వాటి చోటులో కొత్తవి వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం రక్తకణాలు, పేగుల లోపలి పొర కణాలు. కొత్త కణం రావాలంటే పాత కణం రెండుగా చీలాలి. చీలే ముందు దానిలోని డీఎన్‌ఏ అంతటికీ నకలు తీయాలి. తల్లి నుంచి వచ్చిన సెట్టు ఒకటి, తండ్రి నుంచి వచ్చిన సెట్టు ఒకటి, ఒక్కోదానిలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. అంత పెద్ద గ్రంథాన్ని అన్నిసార్లు తిరగరాస్తుంటే అక్కడక్కడా తప్పు దొర్లకుండా ఉంటుందా? చాలా తప్పులు ఏమీ చెయ్యవు. కానీ కణం ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే జన్యువుల్లో నాలుగైదు తప్పులు ఒకే కణంలో పోగుపడ్డాయంటే, ఆ కణం ఇక ఆగదు. చీలుతూనే ఉంటుంది. అదే కణితి.

ఎన్ని కణాలుంటే అన్ని నకళ్లు, ఎన్నేళ్లు బతికితే అన్ని తప్పులు. ఆ లెక్కన ఎలుకకంటే గిత్తకు, గిత్తకంటే ఏనుగుకు, ఏనుగుకంటే తిమింగలానికి క్యాన్సర్ వేల రెట్లు ఎక్కువ రావాలి. నీలి తిమింగలం 150 టన్నుల దాకా పెరుగుతుంది. ఈ లెక్కే నిజమైతే అలాంటి జీవి సముద్రంలో ఒక్కటి కూడా పెద్దయ్యేదాకా బతక్కూడదు. అయినా తిమింగలాలు నిక్షేపంగా ఎనభై తొంభై ఏళ్లు బతుకుతున్నాయి. ప్రయోగశాలల్లో ముసలితనం దాకా పెంచిన చిట్టెలుకల్లోనేమో చాలావాటికి చివరికి కణితులు కనిపిస్తాయి.

ఈ తిరకాసును పట్టుకున్నవాడు ఆక్స్‌ఫర్డ్ గణాంక శాస్త్రవేత్త రిచర్డ్ పీటో. మనిషిలో ఎలుకకంటే వెయ్యి రెట్లు ఎక్కువ కణాలున్నాయి, ఆయుష్షు ముప్పై రెట్లు ఎక్కువ, అయినా క్యాన్సర్ ముప్పు ఇద్దరికీ ఇంచుమించు ఒకే తీరుగా ఎందుకుందని 1970ల్లో ఆయన అడిగాడు. అందుకే దీన్ని పీటో వైరుధ్యం అంటారు.

ఈ పీటో మరో రకంగా మన పొగాకు జిల్లాలకు దగ్గరివాడు. తోటి శాస్త్రవేత్త రిచర్డ్ డాల్‌తో కలిసి పొగాకు ఎంతమందిని పొట్టన పెట్టుకుంటోందో దశాబ్దాల పాటు లెక్క తీసినవాడు ఆయనే. మన దేశంలో పొగతాగడం వల్ల వచ్చే చావుల మీద 2008లో ప్రభాత్ ఝా అనే పరిశోధకుడి నాయకత్వాన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అందులోనూ పీటో ఉన్నాడు. 2010 నాటికి పొగ వల్లే ఏటా సుమారు పది లక్షల మంది చనిపోతారని వాళ్లు అంచనా వేశారు. టొబాకో బోర్డు 1976లో ఏర్పడింది, దాని పెద్దాఫీసు మన గుంటూరులోనే. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల ముందు పొగాకు చెక్కులతో బళ్లు బారులు తీరడం మీకు తెలిసిందే. పండించడం మన రైతులకు బతుకుదెరువు. దానికి ప్రత్యామ్నాయం చూపించకుండా వాళ్లను తప్పుపట్టడం నాకు నచ్చదు. కానీ చుట్టా, బీడీ, సిగరెట్టూ మీ నోటి దగ్గరికి రానివ్వకండి. ప్రకృతి పెట్టిన కాపలా ఎంత గట్టిదైనా, మనిషి రోజూ పొగ పట్టిస్తే ఎంతకాలమని తట్టుకుంటుంది?

సరే, జంతువుల దగ్గరికి వద్దాం. అడవిలో జంతువుకు క్యాన్సర్ వచ్చిందో లేదో కనిపెట్టడం కష్టం. జబ్బుపడిన జింకను రెండో రోజుకే ఏ చిరుతో తీసుకుపోతుంది. అందుకని శాస్త్రవేత్తలు జంతు ప్రదర్శనశాలల లెక్కలు తీశారు. అక్కడ ప్రతి జంతువు పుట్టిన తేదీ, చచ్చిన తేదీ, చచ్చిన కారణం రాసి పెడతారు. 2021 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనకు 191 జాతుల క్షీరదాలు, మొత్తం 1,10,148 జంతువుల రికార్డులు వాడారు. ఒళ్లు పెద్దదైతే క్యాన్సర్ చావులు పెరగాలన్న లెక్క అక్కడ కుదరలేదు. మాంసం తినే జంతువుల్లో క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఆస్ట్రేలియాలో కొవారి అనే చిన్న మాంసాహార జంతువుంది. ఎలుకంత ఉంటుందంతే. లెక్కకొచ్చిన 28 కొవారిల్లో 16 క్యాన్సర్‌తోనే పోయాయి. గిట్ట చీలిన జంతువులు, అంటే ఆవులు, గేదెలు, మేకలు, జింకల కుటుంబంలో క్యాన్సర్ బాగా తక్కువ.

ఆ కుటుంబంలో ఎవరు మొదటి వరసలో నిలబడ్డారో వింటే సంతోషిస్తారు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక! లెక్కకొచ్చిన 196 కృష్ణజింకల్లో క్యాన్సర్‌తో చచ్చింది ఒక్కటి కూడా లేదు. రాష్ట్ర జంతువంటే పరీక్షలో రాసి మర్చిపోయే పేరు కాదని ఇందుకే అంటాను. రోళ్లపాడు గడ్డిమైదానాల్లో గెంతే ఆ మెలికల కొమ్ముల జంతువు ఒంట్లో ఏముందో తెలుసుకోవాల్సిన పని ఎంతో ఉంది.

మాంసాహారులకు ఎందుకెక్కువ? పచ్చిమాంసంతో పాటు వేటాడిన జంతువులోని వైరస్‌లు కూడా ఒంట్లోకి వెళ్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ తెస్తాయి అన్నది ఒక వాదన. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ తిండి కూడా కారణం కావచ్చంటారు. గడ్డి, చొప్ప తినే పశువుకు ఆ బాధ లేదు.

అన్నిటికంటే బాగా పరిశోధన జరిగింది ఏనుగు మీద. మన మైదానంలో ఇవాళ ఏనుగులు లేవు గానీ, మనవాళ్లు ఏనుగును ఎంత దగ్గరగా చూశారో అమరావతి స్తూపం చెబుతుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దపు గుండ్రటి పలక ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అందులో మదమెక్కిన నలగిరి అనే ఏనుగు వీధిలో బీభత్సం చేస్తుంటుంది. జనం చెల్లాచెదురవుతుంటారు, మేడల మీద ఆడవాళ్లు వెనక్కి తగ్గుతుంటారు. అదే పలకలో పక్కనే ఆ నలగిరి బుద్ధుడి ముందు మోకాళ్లు వంచుతుంది. పల్నాటి సున్నపురాయిలో ఏనుగు చర్మం ముడతలు పడి ఒంగడం కూడా ఆ శిల్పి చెక్కాడు. చెన్నై వెళ్తే తప్పకుండా చూడండి. ఆ ముడతల చర్మం లోపల ఏముందన్నది మటుకు 2015 దాకా ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో జాషువా షిఫ్‌మన్ అనే పిల్లల క్యాన్సర్ వైద్యుడున్నాడు. ఆయన దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి లీ-ఫ్రామెనీ సిండ్రోమ్ అనే జబ్బుంటుంది. 1969లో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెనీ అనే ఇద్దరు డాక్టర్లు కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే ఒకరి తర్వాత ఒకరికి క్యాన్సర్ రావడం గమనించారు. ఆ జబ్బుకు వాళ్లిద్దరి పేరే పెట్టారు. ఆ కుటుంబాల్లో టీపీ53 అనే జన్యువు దెబ్బతిని ఉంటుందని తర్వాత తేలింది. ఆ జన్యువు పీ53 అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. 1979లో కనిపెట్టిన ఈ ప్రొటీన్ పని డీఎన్‌ఏను కనిపెట్టుకుని ఉండడం. డీఎన్‌ఏ విరిగిందా, ముందు కణాన్ని చీలకుండా ఆపుతుంది. బాగుచేయగలిగిందైతే బాగుచేయిస్తుంది. లేకపోతే ఆ కణం తనంతట తాను చచ్చిపోయేలా చేస్తుంది. మనకు ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. లీ-ఫ్రామెనీ పిల్లలకు అందులో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటుంది. వాళ్లకు జీవితంలో క్యాన్సర్ వచ్చే అవకాశం 90 శాతం పైమాటే.

ఏనుగు డీఎన్‌ఏలో ఈ టీపీ53 చాలాసార్లు కనిపిస్తోందన్న మాట 2012లో ఒక సభలో షిఫ్‌మన్ చెవిన పడింది. ఆయన ఊరుకోలేదు. తన ఊళ్లోని హోగల్ జూ నుంచి, రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ నుంచి ఏనుగుల నెత్తురు సంపాదించాడు. లెక్క చూస్తే మనకు రెండు ప్రతులుంటే ఏనుగుకు నలభై దాకా ఉన్నాయి. తర్వాత ఆయన బృందం ముగ్గురి నెత్తుటి కణాలను పక్కపక్కన పెట్టింది. ఒకటి లీ-ఫ్రామెనీ రోగిది, ఒకటి మామూలు మనిషిది, ఒకటి ఏనుగుది. మూడింటి మీదా ఒకే మోతాదు రేడియేషన్ వేసి డీఎన్‌ఏను దెబ్బతీశారు. రోగి కణాల్లో 2.7 శాతం, మామూలు మనిషి కణాల్లో 7.2 శాతం, ఏనుగు కణాల్లో 14.6 శాతం తమంతట తాము చచ్చిపోయాయి.

ఈ మూడు అంకెల్ని కాసేపు చూడండి. ఎక్కువ కణాలు చచ్చిపోతే మంచిదెలా అవుతుందని మీకు అనుమానం రావచ్చు. మిరప చేనుకు వెళ్దాం. బొబ్బర తెగులు సోకి ఆకులు ముడుచుకుపోయిన మొక్క కనబడితే రైతు ఏం చేస్తాడు? మందు కొట్టి దాన్ని బతికించాలని చూడడు. వేళ్లతో సహా పీకి, చేను బయటికి మోసుకెళ్లి తగలబెడతాడు. ఒక్క మొక్క పోయినా ఫరవాలేదు, తెల్లదోమ దానిమీద వాలి ఎకరమంతా అంటించకుండా ఉంటే చాలు. దెబ్బతిన్న కణం విషయంలో ఏనుగు ఒళ్లు చేసేది అదే. బాగుచేస్తూ కూర్చోదు, తొందరగా పీకేస్తుంది. లక్షల కోట్ల కణాలున్న ఒంటికి ఒక కణం పోతే లెక్కలేదు. చెడ్డకణం ఒకటి మిగిలిపోతేనే ప్రమాదం.

షిఫ్‌మన్ బృందం 644 ఏనుగుల చావు రికార్డులు కూడా తిరగేసింది. క్యాన్సర్‌తో పోయినవి సుమారు 4.8 శాతం. మనుషుల్లో అది దేశాన్ని బట్టి 11 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 2018లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన విన్సెంట్ లించ్ బృందం మరో సంగతి బయటపెట్టింది. ఎల్ఐఎఫ్6 అని ఒక జన్యువు. ఏనుగుకు దగ్గరి చుట్టాలైన జంతువుల్లో దానివంటి నకళ్లు పాడైపోయి పనీపాటా లేకుండా పడి ఉంటాయి. ఏనుగులో అది మళ్లీ లేచి కూర్చుంది. పీ53 పిలవగానే వెళ్లి, దెబ్బతిన్న కణం లోపలి శక్తి కేంద్రాలకు చిల్లు పెట్టి దాన్ని చంపేస్తుంది. చచ్చి లేచింది కాబట్టి పత్రికలు దానికి జాంబీ జన్యువని పేరు పెట్టాయి.

మరి ఇన్ని ప్రతులు ఏనుగుకు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా వినాలి. నేను పెద్దదాన్నవుతున్నాను, నాకు కాపలా కావాలి అని ఏనుగు కోరుకోలేదు. ప్రకృతి దయతలచి ఇవ్వనూ లేదు. ఆరు కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి మొరాకో దేశంలో ఏనుగు వంశానికి చెందిన ఎరిథీరియం అనే జంతువు తిరిగేది. బరువు ఐదారు కిలోలు. దాని వారసులు తరతరాలుగా పెరుగుతూ వచ్చారు. కణం తన జన్యువును చదవడానికి తీసిన నకలు అప్పుడప్పుడు పొరపాటున తిరిగి డీఎన్‌ఏలోనే మరో చోట అతుక్కుపోతుంది. ఇలాంటి పొరపాట్లు అన్ని జంతువుల్లోనూ జరుగుతాయి, చాలావరకు వృథా. ఏనుగు వంశంలో టీపీ53 నకలు అలా అతుక్కుంది. ఎలుకకు అదే అదృష్టం పట్టి ఉంటే పెద్ద తేడా ఉండేది కాదు. దాన్ని పిల్లో పామో మింగేది, క్యాన్సర్ దాకా వచ్చేదే కాదు. ఏనుగు సంగతి వేరు. కడుపులో బిడ్డను 22 నెలలు మోస్తుంది, ఒక్కో కాన్పుకు మధ్య నాలుగైదేళ్లు పడుతుంది, యాభై ఏళ్ల వయసులో కూడా ఈనుతుంది. అలాంటి జంతువు ఇరవై ఏళ్లకే కణితితో పోతే దాని సంతానం ఒకటో రెండో. నకలున్న ఏనుగు యాభై దాకా బతికితే పిల్లలు ఏడెనిమిది. ఆ పిల్లలకూ నకలు ఉంటుంది. లక్షల ఏళ్ల పాటు ఈ చిన్న తేడా పేరుకుపోతే మిగిలేది నకలున్న వంశమే. ఒళ్లు పెరిగిన కొద్దీ నకళ్లూ పెరిగాయి. మంచుయుగపు మామత్‌ల డీఎన్‌ఏలో కూడా ఇవి దొరికాయి. దీన్నే ప్రకృతి వరణం అంటాం. డార్విన్ చెప్పిన మాటలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ఎవరూ నడిపించకుండానే ఇంత పకడ్బందీ పని జరగడం.

అన్ని నకళ్లూ పనిచేస్తాయనుకోకండి. చాలావరకు ముక్కలైన నకళ్లు. ఇవి క్యాన్సర్ కోసమే నిలిచాయా అన్న చర్చ కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రిట్జ్ వోల్‌రాత్ 2023లో మరో ఊహ ముందుకు తెచ్చాడు. చాలా మగ జంతువుల వృషణాలు ఒంటి బయట సంచిలో ఉంటాయి, వీర్యకణాలు చల్లగా ఉండాలి కాబట్టి. ఏనుగుకు అవి కడుపు లోపలే ఉంటాయి. అంత పెద్ద ఒంటి నుంచి వేడి తొందరగా పోదు. మన రెంటచింతల ఎండలాంటి ఎండలో నిలబడ్డ ఏనుగు లోపల వీర్యకణాల డీఎన్‌ఏ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. దాన్ని కాపాడడానికి పీ53 నకళ్లు నిలిచాయేమో, క్యాన్సర్ రక్షణ దాంతో పాటు కలిసివచ్చిందేమో అంటాడు ఆయన. నాకీ ఊహ బాగుంది. ఒక పనికి వచ్చినది మరో పనికి కూడా అక్కరకు రావడం పరిణామంలో మామూలే.

ఇంత మంచిదైతే మనకూ నలభై ప్రతులు ఎందుకు లేవు? ఈ ప్రశ్నకు 2002లో రెండు ప్రయోగాలు చెరో సగం జవాబు చెప్పాయి. అమెరికాలో పీ53 ఎడతెగకుండా పనిచేసేలా మార్చిన ఎలుకలకు కణితులు తగ్గాయి, కానీ అవి త్వరగా ముసలివైపోయాయి. ఎముకలు పలచబడ్డాయి, గాయాలు త్వరగా మానలేదు. మాడ్రిడ్‌లో మాన్యుయెల్ సెర్రానో బృందం మామూలు పీ53 జన్యువునే, దాన్ని అదుపు చేసే భాగాలతో సహా, ఒక ప్రతి అదనంగా ఇచ్చింది. ఆ ఎలుకలకు కణితులు తగ్గాయి, ముసలితనమూ ముందుకు రాలేదు. అంటే ఎన్ని ప్రతులున్నాయన్నదే కాదు, అవసరమైనప్పుడే పనిచేసి మిగతా వేళల్లో ఊరుకోవడం ముఖ్యం.

తిమింగలం దారి వేరు. ఉత్తర ధ్రువపు మంచునీళ్లలో బోహెడ్ అనే తిమింగలం ఉంది. 80 టన్నుల పైచిలుకు బరువు, రెండు వందల ఏళ్ల పైచిలుకు బతుకు. 2007లో అలాస్కాలో పట్టిన ఒక బోహెడ్ మెడ దగ్గర పందొమ్మిదో శతాబ్దం చివర్లో తయారైన వేట బాణం ముక్క దొరికింది. గురజాడ కన్యాశుల్కం రాసే రోజుల్లో తగిలిన దెబ్బతో అది మన కాలం దాకా ఈదుతూనే ఉంది! దీని ఒంట్లో ఏనుగుకు ఉన్నన్ని పీ53 నకళ్లు లేవు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో వేరా గోర్బునోవా, ఆండ్రే సెలువనోవ్ బృందం 2025లో నేచర్‌లో రాసిన దాని ప్రకారం, బోహెడ్ కణాలు దెబ్బతిన్న కణాన్ని చంపడానికి తొందరపడవు. విరిగిన డీఎన్‌ఏను మనకంటే చక్కగా, తప్పు లేకుండా అతికిస్తాయి. చలి తగిలినప్పుడు పెరిగే సీఐఆర్‌బీపీ అనే ప్రొటీన్ వాటిలో మెండుగా ఉంటుంది, ఆ మరమ్మతులో దానిదే పెద్ద చెయ్యి. ఒకే చిక్కుకు రెండు వంశాలు రెండు విడుపులు కనుక్కున్నాయి.

ఇక్కడితో లెక్క తేలిపోయిందనుకునేరు. అదే 2025లో జార్జ్ బట్లర్, క్రిస్ వెండిటి తదితర శాస్త్రవేత్తలు 263 జాతుల మీద మరో లెక్క చేశారు. పెద్ద జంతువులకు క్యాన్సర్ కొంత ఎక్కువే వస్తోందని, పీటో చెప్పిన వైరుధ్యం పూర్తిగా నిజం కాదని వాళ్లు వాదించారు. కానీ వాళ్ల లెక్కలోనే ఇంకో మాట ఉంది. పరిణామ క్రమంలో త్వరత్వరగా పెద్దవైన జాతులకు, ఏనుగు లాంటివాటికి, వాటి సైజును బట్టి రావాల్సినంత క్యాన్సర్ రావడం లేదు. పాత మాటను కొత్త లెక్క సరిదిద్దడం నాకు ఇష్టం. కణాల సంఖ్యను బట్టి వేల రెట్లు పెరగాల్సింది కొద్దిగా మాత్రమే పెరిగిందంటే, కాపలా ఉన్నట్టే కదా.

ఒకే జాతిలో మాత్రం పెద్ద ఒంటికి ముప్పు ఎక్కువే. మనుషుల్లో పది సెంటీమీటర్ల ఎత్తు పెరిగితే క్యాన్సర్ ముప్పు సుమారు పది శాతం పెరుగుతుంది. పొడుగ్గా ఉన్నావని భయపడకు రా పెద్దోడా, పొగతాగడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలకు ఎముక క్యాన్సర్ చిన్న కుక్కలకంటే బాగా ఎక్కువ. వాటిని మనుషులు కొద్ది వందల ఏళ్లలో ఎంపిక చేసి పెద్దవి చేశారు. ఒళ్లు పెరిగింది గానీ కాపలా పెరగడానికి కాలం చాల్లేదు.

ఇప్పుడు మన గిత్త. గిత్తకు టీపీ53 నకళ్లు నలభై లేవు. కానీ ఎండ నుంచి వచ్చే క్యాన్సర్‌కు దానికో మంచి ఏర్పాటుంది. ఈసారి ఒంగోలు జాతి పశువు దగ్గరికి మెల్లగా వెళ్లి ముఖం చూడండి. ఒళ్లంతా తెలుపు. కానీ కంటి చుట్టూ కాటుక దిద్దిన వలయం, నల్లటి రెప్పలు, నల్లటి మూతి, నల్లటి గిట్టలు, తోక కుచ్చు కూడా నలుపే. వెంట్రుక పక్కకు తీస్తే కింద చర్మం ముదురు రంగులో ఉంటుంది. తెల్ల వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, అది దాటి వచ్చిన అతినీలలోహిత కిరణాల్ని నల్లటి మెలనిన్ పట్టేస్తుంది. తెల్ల ముఖం, గులాబీ రెప్పలు ఉండే హియర్‌ఫర్డ్ జాతి పశువులకు ఎండ ఎక్కువున్న దేశాల్లో కంటి క్యాన్సర్ పెద్ద బెడద. కనురెప్పల దగ్గర నలుపు ఉన్నవాటికి అది తక్కువ. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లకు పెరగడానికి వేడిని తట్టుకునే ఈ చర్మం కూడా ఒక కారణం. మన కరవది ఊరి పేరుతోనే 1960ల్లో అక్కడికి వెళ్లిన ఆబోతు ఒకటి ఆ దేశపు మందలకు మూలపురుషుడైంది.

కానీ మన ఎద్దులకు ఒక క్యాన్సర్ ఉంది, దాని సంగతి మీకు చెప్పి తీరాలి. కొమ్ము క్యాన్సర్. పశువుల్లో క్యాన్సర్ తక్కువని ఇందాక చెప్పాను కదా, మన దేశంలో ఎద్దులకు మాత్రం ఇది బాగా తెలిసిన జబ్బు. గుజరాత్ కాంక్రేజ్ లాంటి పొడుగు కొమ్ముల జాతుల్లో ఎక్కువ, పొట్టి కొమ్ముల ఒంగోలు ఎద్దుల్లో తక్కువ. ఐదు నుంచి పదేళ్ల మధ్య, బాగా పని చేసే వయసులో వస్తుంది. ఆవులకూ విత్తనపు ఆబోతులకూ అరుదు, వృషణాలు నొక్కించిన ఎద్దులకే ఎక్కువ. అందుకని హార్మోన్ల తేడా, కాడి రాపిడి, కొమ్ములు చెక్కడం, ఎండ, ఇవన్నీ కారణాలుగా అనుమానిస్తారు. కొమ్ము మధ్యలో బోలుగా ఉండే ఎముక ఉంటుంది. తలలోని సైనస్ గాలి గది ఆ బోలులోకి సాగి ఉంటుంది. దాని లోపలి పొరలో క్యాన్సర్ మొదలవుతుంది. అందుకే మొదట కొమ్ము మీద ఏమీ కనిపించదు.

కనిపించేది ఇది: ఎద్దు తల ఒక పక్కకు వంచి ఊరికే విదిలిస్తుంది. కొమ్మును చెట్టుకో గుంజకో రుద్దుకుంటుంది. ఆ పక్క ముక్కులోంచి చీమిడితో పాటు నెత్తురు చార కారుతుంది. కొమ్ము మొదలు పట్టుకుంటే మెత్తగా, వదులుగా అనిపిస్తుంది. అక్కడ చెయ్యి వేస్తే ఎద్దు నొప్పితో తల లాక్కుంటుంది. చాలామంది జలుబనో దిష్టి తగిలిందనో ఊరుకుంటారు. కొమ్ము ఒరిగి ఊడిపడి, లోపలి కణితి బయటికి పొంగి పురుగులు పట్టేదాకా ఆలస్యం చేస్తారు. అప్పటికి ఎద్దును కాపాడడం కష్టం. ముక్కులో నెత్తురు చూసిన రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మత్తిచ్చి కొమ్మును మొదలంటా తీసి, చర్మం కప్పి కుట్టేస్తారు. విన్‌క్రిస్టిన్ అనే మందు కూడా నరంలోకి ఎక్కిస్తారు. ఆ మందు మన పెరట్లో, గుళ్లో, శ్మశానం గోడ పక్కన కూడా పూసే బిళ్లగన్నేరు మొక్క నుంచి తీసింది. పిల్లలకు వచ్చే రక్తక్యాన్సర్‌కు డాక్టర్లు వాడే మందుల్లోనూ అదొకటి. అలాగని ఎవరైనా చెబితే ఆ ఆకు నమలడమో కషాయం కాచుకుని తాగడమో చేయకండర్రా. అందులో విషం ఉంది, మోతాదు తెలిసిన డాక్టరు చేతిలోనే అది మందు.